కొండ మీది బంగళా, కొండ కింది ఆరోగ్యవరం

ముసాఫరు బంగళా అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు తెలియదు. మన సభ్యులకు చెప్పనక్కరలేదు. ఊరి చివర చింతచెట్ల కింద పెంకుల కప్పు, చుట్టూ వరండా, ఎత్తయిన గదులు రెండు, వెనక వంటిల్లు, ఆ పక్కనే వాచ్‌మన్ కాపురం. తాలూకా కేంద్రంలో ఇలాంటిది ఒకటి ఉండేది. కాగితాల మీద ట్రావెలర్సు బంగళా. ఆఫీసులో అందరి నోటా టి.బి.

నేను 1973లో రోడ్లు భవనాల శాఖలో ఒక డివిజను కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. మూడేళ్లకు టి.బి. రిజర్వేషన్ల రిజిస్టరు నా సీటుకు వచ్చింది. అదే ఏడు పెళ్లయింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాటి సాయంత్రం "ఇవాళ్టి నుంచి టి.బి. పని నా నెత్తిన పడింది" అని మా ఆవిడతో అన్నాను. చేతిలోని కాఫీ గ్లాసు వణికింది. ముఖం పాలిపోయింది. ఆ మాటకు అర్థం విడమరిచి చెబితే నవ్వింది గాని, ఆ నవ్వు పెదవుల మీదనే ఉండిపోయింది. జబ్బు పేరు విని బెదిరిందనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ రిజిస్టరులో ఒక గడి ఉండేది. వచ్చినవారు డ్యూటీ మీద వచ్చారా, స్వంత పని మీద వచ్చారా అని. డ్యూటీ మీద వచ్చిన ఆఫీసరుకే మొదటి హక్కు. స్వంత పని మీద వచ్చినవారు ఆఫీసరు దిగితే గది ఖాళీ చేయాలి. ఆ నిబంధన కింద ఎన్ని ఉత్తరాలు టైపు చేశానో లెక్క లేదు. అందులో నా పేరు ఒక్కసారి కూడా రాసుకోలేదు. రాసుకోకూడదని ఎవరూ అనలేదు. మనకెందుకనుకున్నాను, అంతే.

ఈ బంగళాల పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. బంగళా అనే మాటే బెంగాలు నుంచి వచ్చింది. బెంగాలు పద్ధతి ఇల్లు అని అర్థం. మన దత్త మండలాలు 1800లో నిజాము చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చినప్పుడు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన సర్ థామస్ మన్రోకు బంగళాలు లేవు. గుడారాలే. 1807 దాకా ఊరూరా తిరిగి, గుడారాల్లోనే కచేరీ నడిపి పైమాయిషీ చేయించాడు. మనం ఇప్పటికీ ఆఫీసరు టూరు వెళితే "క్యాంపులో ఉన్నారు" అంటామే, ఆ మాటకు అసలు అర్థం ఆ గుడారమే. చివరకు గవర్నరు హోదాలో కూడా టూరులోనే, 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరా తగిలి పోయాడు. తరువాత తరం దొరలకు గుడారం కష్టమనిపించింది. డాకు దారుల వెంట, ఒక్కో రోజు ప్రయాణానికి ఒక్కొక్కటిగా ముసాఫరు బంగళాలు లేచాయి. అంతకు ముందు మన వాళ్లకు సత్రాలుండేవి. సత్రం ధర్మాత్ముడు కట్టించినది, దారిన పోయే ఎవరైనా తల దాచుకోవచ్చు. బంగళా సర్కారుది, కాగితం ఉంటేనే తలుపు తీస్తారు. ఈ తేడా చిన్నది కాదు.

టూరు కోసం బంగళాలు కట్టిన దొరలే ఎండ తప్పించుకోవడానికి కొండలు వెతికారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ 1819లో నీలగిరులెక్కి, మరి మూడేళ్లకు ఉదకమండలంలో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి చివరకు మదరాసు ప్రభుత్వమే వేసవిలో అక్కడికి కాపురం మార్చే దాకా వచ్చింది. ఊటీ దూరమైన కలెక్టర్లు తమ జిల్లాలోనే చిన్న ఊటీ ఎక్కడుందా అని చూసుకున్నారు. మదనపల్లె ఆనాడు కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా 1911లో గాని పుట్టలేదు. 1860ల దశకంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్సిలీ మదనపల్లెకు ఏడెనిమిది కోసుల లోపు ఉన్న కొండ మీద వేసవి విడిదికి ఇల్లు కట్టించుకున్నాడు. ఎత్తు నాలుగు వేల అడుగులకు పైమాటే. కడప ఎండ ఎరిగినవారెవరూ ఆయన్ని తప్పు పట్టరు. మేము కడప మనుషులమే. మేలో అక్కడ మధ్యాహ్నం కలం పట్టుకుంటే చెమటకు అక్షరం అలుక్కుపోతుంది.

కాని ఆ కొండకు అంతకు ముందే ఒక పేరుంది. ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పుణ్యాత్మురాలు ఆ అడవిలో ఉండేదని, ఏనుగులే ఆమెకు ఆహారం తెచ్చిపెట్టేవని చుట్టుపక్కల పల్లెల వారు చెప్పుకుంటారు. ఆమెకు కొండ మీద గుడి ఉంది. ఇల్లు కట్టినవాడి పేరు కొండకు వచ్చింది. ఆ ఇంటికి కావలసిన సున్నం, దూలాలు, తలుపులు మనుషుల నెత్తి మీద, పశువుల వీపు మీద ఎక్కి ఉండాలి. ఆ నెత్తులకు పేర్లు లేవు. కాగితం మీదికి ఎక్కిన పేరే నిలుస్తుందని ముప్పై అయిదేళ్లు కాగితాలతో బతికిన నాకు తెలియనిది కాదు. అయినా హార్సిలీ మీద నాకు కోపం లేదు. కొండ మీద ఒక ఇల్లు ఉండవచ్చునని చూపినవాడు ఆయనే.

ఇక మా ప్రయాణం సంగతి. నేను 2008లో ఉద్యోగ విరమణ చేశాను. తరువాత పదిహేనేళ్లు మనవళ్లతో, కళ్ల ఆపరేషనుతో, పెన్షను బకాయిల లెక్కలతో గడిచాయి. సర్వీసులో ఉన్నప్పుడు అందరి ఎల్.టి.సి. బిల్లులు సరిచూసిన వాణ్ణే. నేను వాడుకున్నది రెండుసార్లు, రెండూ పుణ్యక్షేత్రాలకే. 2023 సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి "అమ్మా, నాన్నతో కలిసి ఊటీనో కొడైకెనాలో వెళ్లి రండి, నేను గది తీసిపెడతాను" అన్నాడు. మా ఆవిడ ఆలోచించకుండా "ఊటీ వద్దురా, హార్సిలీ కొండకైతే వస్తా" అంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి అంత ఠక్కున అనడం నాకు వింతగానే తోచింది. ఖర్చు తగ్గించాలని అనుకుంటున్నదేమో అనుకున్నాను.

పండుగ వెళ్లిన వారానికి బయలుదేరాము. మదనపల్లెలో బస్సు దిగి కారు మాట్లాడుకున్నాం. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే మలుపు మలుపుకూ చలి పెరిగింది. మాకిచ్చింది పర్యాటక సంస్థ కాటేజీ. ఒక గది, ముందు చిన్న వరండా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వరండాలో కూర్చుంటే నీలగిరి చెట్ల వాసన. నేను తీసుకుపోయిన అమృతాంజనం సీసా మూత తీయవలసిన పని లేకపోయింది. ఆఫీసు గదిలో రిజిస్టరు నా ముందు పెట్టారు. అలవాటు కొద్దీ పాత గడి కోసం వెతికాను. ఎందుకు వచ్చారని ఒక గడి ఉంది గాని డ్యూటీయా కాదా అని లేదు. ఏమి రాయాలో తోచక వెనక్కి తిరిగి చూశాను. "కొండ చూడను వచ్చినామని రాయండి" అంది మా ఆవిడ. అలాగే రాశాను.

మరునాడు పొద్దున్నే నడకకు బయలుదేరాము. నాకు మోకాళ్లు, ఆమెకు ఆయాసం. పది నిమిషాలు నడక, అయిదు నిమిషాలు కూర్చోడం. శ్రీగంధం చెట్లు, సంపెంగలు, గుబురుగా పెరిగిన తీగలు. హార్సిలీ కట్టించిన విడిది ఇప్పటికీ నిలిచి ఉంది, అటవీ శాఖ బంగళాగా. దాని ముందు నిలబడి నేను గోడ మందం, వరండా వాలు, దూలాల తీరు చూస్తుంటే మా ఆవిడ "ఇక్కడ కూడా ఫైలు తెరిచినారా" అంది. అక్కడి ముసలి నీలగిరి చెట్టు చూడదగ్గది. నూరేళ్లు ఎప్పుడో దాటిన ఆ మానుకు కల్యాణి అని పేరు. 1995లో దానికి మహావృక్ష పురస్కారం వచ్చింది. చెట్టుకు అవార్డేమిటని ముందు నవ్వాను గాని, తల ఎత్తి కొస చూడబోతే మెడ పట్టేసింది. గంగోత్రి అనే చిన్న చెరువు దగ్గర కాసేపు కూర్చున్నాం. మల్లమ్మ గుడిలో మా ఆవిడ కొబ్బరికాయ కొట్టించింది. నాకు కొంచెం తొందర ఎక్కువ. ఆమె ప్రతి చోటా తీరికగా, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూస్తూ వచ్చింది.

సాయంత్రం గాలిబండ మీదికి వెళ్లాం. పేరుకు తగినట్టే అక్కడి గాలి మనిషిని నిలవనివ్వదు. పెద్ద పరుపుబండ, దాని అంచు తరువాత లోయ. అంచుకు దూరంగా బండకు వీపు ఆనించి కూర్చున్నాం. కింద మైదానం మసకగా ఉంది. మా ఆవిడ కొంగు చెవుల చుట్టూ బిగించుకుని అడిగింది.

"ఏమండీ, మదనపల్లె ఏ పక్క?"

చేయి చూపించాను.

"అయితే ఆరోగ్యవరం కూడా ఆ పక్కే" అంది. తరువాత నెమ్మదిగా చెప్పింది.

1962లో ఆమెకు ఎనిమిదేళ్లు. మా మామగారు ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడు నెలలున్నారు. క్షయ. మా అత్తగారు దగ్గరి పల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆయనకు వండి పంపుతూ, పిల్లను వెంట ఉంచుకున్నారు. పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. వేపచెట్టు కింద నిలబడితే వరండా మంచం మీద పడుకున్న నాన్న దూరం నుంచి చేయి ఊపేవాడు. అక్కడి నుంచి చూస్తే ఆకాశం అంచున ఈ కొండ కనబడేది. అదేమిటని అడిగితే వాళ్లమ్మ "దొరల కొండ. అక్కడ గాలి పీలిస్తే జబ్బులే రావంట" అన్నదట. "అయితే నాయన్ను ఆడికే తీసుకుపోదాం" అని ఈ పిల్ల ఏడ్చిందట.

ఆయనకు నయమైంది. తరువాత ఇరవై రెండేళ్లు బతికారు. కాని ఆ ఏడు నెలలు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ తలచుకోలేదు. ఆడపిల్ల పెళ్లి కావాలి. క్షయ ఉన్న ఇంటి పిల్ల అంటే సంబంధం కలుపుకునేవారు కాదు ఆ రోజుల్లో. పెళ్లిచూపుల్లో మా నాన్న "బావగారు బక్కగా ఉన్నారే" అంటే "ఉబ్బసమండీ" అన్నారు. ఆ మాట మీదనే మా పెళ్లి జరిగింది. మా మామగారు కూడా నాతో ఏనాడూ చెప్పలేదు. నలభై ఏడేళ్లు మా ఆవిడ ఆ సంగతి లోపల పెట్టుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను టి.బి. పని నెత్తిన పడిందన్న సాయంత్రం ఆమెకు ఎలా ఉండి ఉంటుందో గాలిబండ మీద గాని నాకు తెలిసిరాలేదు.

"చెబితే ఏమనేవారు?" అని అడిగింది.

ఆలోచించాను. 1976లో నేనైతే ఏమీ అననని చెప్పుకోవచ్చు. మా అమ్మ ఊరుకునేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనుక జవాబు చెప్పకుండా శాలువా తీసి ఆమె మీద కప్పాను. చీకటి పడే దాకా అక్కడే కూర్చున్నాం.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆరోగ్యవరం సంగతులు ఒకటొకటిగా జ్ఞాపకం చేసుకున్నాను. చరిత్ర పుస్తకాలు చదివే పిచ్చి నాకు మొదటి నుంచీ ఉంది. 1915లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఆ శానిటోరియం తెరిచాయి. డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ అనే డెన్మార్కు దేశపు వైద్యుడు దాన్ని నిలబెట్టాడు. మందు లేని కాలం అది. పొడి గాలి, వెలుతురు, పాలు, గుడ్లు, పడక, ఇవే వైద్యం. అందుకే ఊరికి దూరంగా, ఎత్తు నేల మీద, గాలి తగిలే వరండాలతో కట్టారు. కొండ మీద దొర ఏ గాలి కోసం ఇల్లు కట్టుకున్నాడో, కొండ కింద రోగులను పడుకోబెట్టింది కూడా ఆ గాలిలోనే. మన దేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే. మన పిల్లల ఎడమ భుజం మీది మచ్చ కథ అక్కడ మొదలైందన్నమాట.

ఇంకొక సంగతి ఉంది. స్ట్రెప్టోమైసిన్ వగైరా మందులు వచ్చిన తరువాత, 1956లో మదరాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు క్షయ రోగులను శానిటోరియంలోను, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. మందులు సక్రమంగా మింగితే ఇంట్లో ఉన్నవారికి కూడా దాదాపు అంతగానూ నయమైంది. ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకోనూ లేదు. ప్రపంచమంతటా శానిటోరియంల కాలం దానితోనే తీరిపోసాగింది. మా మామగారు ఆరోగ్యవరం చేరింది ఆ తరువాత మూడేళ్లకు. ఆ కబురు అప్పటికి మన పల్లెలకు చేరలేదు. చేరి ఉంటే ఆయన ఇంటి దగ్గరే ఉండేవారేమో. అప్పుడు ఇరుగుపొరుగుకు తెలిసిపోయేది, దాచడం కుదిరేది కాదు, బహుశా మా పెళ్లీ జరిగేది కాదు. ఏది మంచో నేను చెప్పలేను.

మూడోనాడు కొండ దిగాము. బస్సుకు వేళ ఉంది గనుక మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల చూశాం. దాని పుట్టుక కూడా 1915లోనే. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, 1919 ఫిబ్రవరిలో దక్షిణ దేశ యాత్రలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి కొన్ని రోజులు విశ్రాంతి తీసుకున్నాడు. అక్కడే జనగణమన పాడి వినిపించి, తానే ఇంగ్లీషులోకి అనువదించాడు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి, ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. 1911లో కలకత్తా కాంగ్రెసులో మొదట పాడిన ఆ గీతం 1950 జనవరి 24న జాతీయ గీతమైంది. విశ్రాంతికి వచ్చినవాడు ఊరికి ఇంత పేరు పెట్టిపోయాడు.

కజిన్స్ దంపతులిద్దరూ కలిసి తమ జీవిత కథ రాసుకున్నారు. ఆయన కొంత, ఆమె కొంత. దాని పేరును "మేమిద్దరం కలిసి" అని తెలుగులో చెప్పుకోవచ్చు. అదీ 1950లోనే వెలువడింది. అప్పటికి ఆమె పక్షవాతంతో మంచాన ఉంది. ఆడవాళ్లకు ఓటు కావాలని 1917లోనే పోరాడిన మనిషి ఆమె. 1954లో ఆమె, 1956లో మదనపల్లెలోనే ఆయన పోయారు. ఇది చెబితే మా ఆవిడ "ఇద్దరూ రాసినారా? అయితే మీరు రాసేదాంట్లో నాది కూడా రాయండి" అంది. ఆమె అనుమతితోనే పై సంగతులు రాస్తున్నాను.

పెన్షనరు మిత్రులకు ఆసక్తి కలిగించే మాట మరొకటి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్లోనే పుట్టారు. వారి తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, మన వాడే. 1907 చివర రిటైరై, సగం జీతం పెన్షనుతో సంసారం గడవక, ఉండడానికి చోటిస్తే చాలు పని చేస్తానని అనీబీసెంటుకు రాసుకున్నాడు. 1909లో అడయారులో దొరికింది ప్రహరీ బయట ఒక పాడుబడ్డ చిన్న ఇల్లు. తరువాత పిల్లల కోసం ఆమె మీదనే దావా వేసి, మదరాసు హైకోర్టులో గెలిచి, 1914లో లండను ప్రివీ కౌన్సిలులో ఓడిపోయాడు. కొడుకు గురించి లోకమంతా రాసింది. ఆ పెన్షనరు గురించి నాలాంటి వాడెవడైనా రాస్తే బాగుండును.

ఆటో మాట్లాడుకుని ఆఖరికి ఆరోగ్యవరం వెళ్లాం. ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అది. చెట్లు బాగా పెరిగాయి. ఏ వరండాలో వాళ్ల నాన్న మంచం వేశారో మా ఆవిడకు ఆనవాలు దొరకలేదు. ఒక వేపచెట్టు దగ్గర ఆగి, ఇది కాదు, ఇంకా లావుగా ఉండేది అంది. నేను అరవై ఏళ్లకు వేప తగ్గుతుందా అన్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు లావుగానే కనబడి ఉంటుంది లెండి అని తానే సర్దుకుంది.

వెళ్లబోతూ వెనక్కి తిరిగి కొండ కోసం చూసింది. మబ్బు కమ్మి ఉంది. ఆటోవాడు హారను కొడుతున్నాడు. "ఇంకో అయిదు నిమిషాలు ఉండమనండి" అంది. ఉండమన్నాను. మబ్బు తీయలేదు. కడప బస్సు వేళ అయిపోతుంటే ఎక్కి కూర్చున్నాం.